గొర్రెకు వేయించిన టీకా బిడ్డకు వద్దా?

పోయినేడు తొలకరికి ముందు ఖమ్మం జిల్లాలోని ఒక మెట్ట గ్రామానికి వ్యవసాయ కార్మిక సంఘం పని మీద వెళ్ళి, రాత్రి అక్కడే వుండిపోయాం. తెల్లవారుజామున నాలుగున్నరకే ఊరు లేచింది. మేకల అరుపులకు మాకూ మెలకువ వచ్చింది. చూస్తే చావడి ముందు మందలకు మందలు. పశువుల దవాఖానా వాళ్ళు వచ్చి చిటుకు రోగానికి టీకాలు వేస్తున్నారు. తొలి వానకు మొలిచిన లేత గడ్డి కడుపునిండా మేసిన జీవం వున్నట్టుండి గిలగిలా తన్నుకుని చిటికె వేసినంతలో చచ్చిపోయే రోగం అది. ఆ సంగతి ఆ వూళ్ళో ఎవరికీ చెప్పాల్సిన పని లేదు. మందలున్న గొల్లలే కాదు, కూలి చేసుకుంటూ నాలుగైదు జీవాలు పెంచుకునేవాళ్ళు కూడా అందరూ తోలుకొచ్చారు. ఒక కుర్రవాడైతే తప్పిపోయిన మేకపోతు కోసం చెలకల దాకా పరుగెత్తి, చెవులు పట్టి లాక్కొచ్చి మరీ సూది వేయించాడు. ఒక్క జీవం మిగల్లేదు.

ఆ రోజు బుధవారం. పది గంటలకు అంగన్‌వాడీ దగ్గరకు నర్సమ్మ మంచు పెట్టె పట్టుకుని వచ్చింది. ఆమె చేతిలోని పట్టీలో 14 మంది పిల్లల పేర్లున్నాయి. మధ్యాహ్నం రెండు దాకా కూర్చుంటే వచ్చినవాళ్ళు ముగ్గురు. ఆశా కార్యకర్త ఇంటింటికీ తిరిగి తిరిగి గొంతు పోగొట్టుకుంది. కొన్ని ఇళ్ళకు తాళాలు. కొన్ని ఇళ్ళలో తలుపు లోపలి నుంచే "మా పిల్లగానికి బాగనే వున్నది, మాకొద్దు పో" అన్నారు. ఒక ఇంట్లో ఆమెను తిట్టారు కూడా. తిట్టిన మనిషి మా సంఘం సభ్యుడే. ఇది రాయడానికి మాకు సిగ్గుగా వున్నది, అయినా రాస్తున్నాం.

తెల్లవారుజామున 30 జీవాలకు టీకా వేయించిన పెద్దాయన చావడి అరుగు మీద చుట్ట కాల్చుకుంటూ వుంటే మేము ఉండబట్టలేక అడిగాం.

"ఏం పెద్దయ్యా, గొర్రెకు సూది వేయిస్తివి గానీ మనుమరాలికి వద్దంటివట?"

ఆయన మా వైపు చూసి నవ్వాడు. "బిడ్డ గొర్రె కాదు గదా సారూ," అన్నాడు.

మాకు కోపం వచ్చింది. అంతకు ముందు రాత్రే భూమి మీద, కూలి రేట్ల మీద గంటసేపు మాట్లాడి వున్నాం, అంతా తలలూపారు. ఇంత తెలిసిన జనం ఈ ఒక్క విషయంలో ఇట్లా మొండికేస్తే ఎట్లా అనిపించింది. కాని పెద్దాయన మాట అక్కడితో అయిపోలేదు.

"గొర్రెకు సూదిస్తే అది మందలనే వుంటది. దానికి జరమొచ్చినా మేసుకుంట పోతది. పిల్లకు సూదిస్తే రాత్రంతా ఏడుస్తది, ఒళ్ళు కాలుతది. దాని తల్లి రెండు దినాలు పనికి పోదు. ఆ రెండు దినాల కూలి నువ్విస్తవా, నర్సమ్మ ఇస్తదా?"

ఈ ప్రశ్నను మూఢనమ్మకం అని కొట్టిపారేసేవాళ్ళు పట్నంలో చాలామంది వుంటారు. మేము కొట్టిపారేయలేం. పుట్టిన ఆరు వారాలకు, పది వారాలకు, పద్నాలుగు వారాలకు వేసే అయిదు రోగాల టీకాలో కోరింత దగ్గుకు సంబంధించిన మందు వున్నది. దానివల్ల పిల్లలకు ఒకటి రెండు రోజులు జ్వరం రావడం, తొడ వాచడం సహజం. నెల జీతం వచ్చే ఇంట్లో అదొక చిన్న ఇబ్బంది. పత్తి కలుపు రోజుల్లో కూలి తల్లికి అది రెండు పూటల బియ్యం. టీకా ఉచితమే. అది వేయించడానికి పట్టే రోజు మాత్రం ఉచితం కాదు. ఆ రోజు ఖరీదు ఎంతో ప్రభుత్వం ఎప్పుడైనా లెక్క వేసిందా? బుధవారం, శనివారం పగటిపూట, అంటే కూలి జనం చేలల్లో వుండే వేళకే టీకాల పెట్టె ఊళ్ళోకి వస్తుంది. వాళ్ళు ఇంటికి చేరే వేళకు పెట్టె మండల కేంద్రానికి వెళ్ళిపోతుంది.

అయితే కూలి ఒక్కటే కారణమనుకుంటే మనల్ని మనం మోసం చేసుకున్నట్టే. ఆ సాయంత్రం ఒక ఇల్లాలు చెప్పిన మాట మమ్మల్ని ఇంకా వదలలేదు.

అప్పుడు మీరే కదన్నా వద్దన్నది?

ఆమెకు ఇరవై ఏడో, ఇరవై ఎనిమిదో వుంటాయి. ఏడాది దాటని కొడుకు చంకలో వున్నాడు. తొమ్మిదో నెలలో వేయాల్సిన తట్టు టీకా వేయించలేదు. మేము నచ్చజెప్పబోతే ఆమె మమ్మల్నే నిలదీసింది.

"నేను ఏడో తరగతిల వున్నప్పుడు మమ్మల్ని వరుసల నిలబెట్టి సూదులిచ్చిండ్రు. ఎందుకిస్తున్నరో మాకు చెప్పలే. మా అమ్మను అడగలే. తర్వాత మీ సంఘపోళ్ళే వచ్చి మీటింగు పెట్టిండ్రు, ఆడపిల్లల మీద ప్రయోగాలు చేస్తున్నరని చెప్పిండ్రు. అప్పుడు మీరే కదన్నా వద్దన్నది? ఇప్పుడు మీరే వచ్చి వెయ్యిమంటున్నరు. నాకేం కాలే, దేవుడి దయ. కానీ నా కొడుకును మాత్రం ఎవల చేతిల పెట్ట."

ఆ సంగతి తెలియని యువ కార్యకర్తల కోసం కొంత వివరంగా చెప్పాలి. 2009లో అప్పటి ఆంధ్రప్రదేశ్‌లోని ఖమ్మం జిల్లాలో భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో 10 నుంచి 14 ఏళ్ళ ఆడపిల్లలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా వుండే టీకా వేశారు. అమెరికాకు చెందిన ఒక సంస్థ, కేంద్ర వైద్య పరిశోధన సంస్థ, రాష్ట్ర ప్రభుత్వం కలిసి చేసిన పని అది. ఖమ్మంలో సుమారు 14 వేల మందికి, గుజరాత్‌లోని వడోదర జిల్లాలో సుమారు 10 వేల మందికి వేశారు. మన దగ్గర చాలామంది గిరిజనుల పిల్లలు, హాస్టళ్ళలో చదువుకునే పిల్లలు. టీకా వేసే ముందు తల్లిదండ్రుల అంగీకారం తీసుకోవాలి. తీసుకున్నారా? ఈ వ్యవహారాన్ని పరిశీలించిన పార్లమెంటు స్థాయీ సంఘం 2013 ఆగస్టులో ఇచ్చిన నివేదికలో అసలు బండారం బయటపడింది. రెండు వేలకు పైగా అంగీకార పత్రాల మీద హాస్టల్ వార్డెన్లు, ప్రధానోపాధ్యాయులు సంతకాలు చేశారు. మరెన్నో పత్రాల మీద వేలిముద్రలు. చదువురాని తల్లి ఏ కాగితం మీద వేలు ఒత్తిందో ఆమెకు చెప్పినవారు ఎవరు? కంపెనీల వ్యాపార ప్రయోజనం కోసం పిల్లల హక్కులను తొక్కేశారని పార్లమెంటు సంఘమే తప్పుబట్టింది.

ఆ కార్యక్రమం జరుగుతున్న కాలంలో రెండు రాష్ట్రాల్లోనూ కలిపి ఏడుగురు బాలికలు చనిపోయారు. మహిళా సంఘాలు, ఆరోగ్య కార్యకర్తలు ఆందోళన చేశారు. 2010 ఏప్రిల్‌లో కార్యక్రమం ఆగిపోయింది. ప్రభుత్వం వేసిన విచారణ సంఘం, ఆ మరణాలకు టీకాతో సంబంధం వున్నట్టు కనిపించడం లేదని చెప్పింది. పాముకాటు, క్వారీ నీళ్ళలో మునిగిపోవడం, పురుగుమందు తాగడం, మలేరియా: చాలావరకు వాళ్ళు చూపిన కారణాలు ఇవి. ఈ కారణాలను ఒకసారి మళ్ళీ చదవండి. పన్నెండేళ్ళ పేదింటి ఆడపిల్లలు ఈ దేశంలో దేనితో చనిపోతారో ఆ జాబితా చెబుతున్నది. అయితే ఆ విచారణ ఎంత పైపైన జరిగిందో కూడా పార్లమెంటు సంఘం ఎత్తి చూపింది.

అప్పుడు మన సంఘాలు ఆందోళన చేయడం నూటికి నూరు పాళ్ళు సరైనది. అందులో మాకు ఏ సందేహమూ లేదు. రేపు మళ్ళీ ఎవరైనా వార్డెన్ సంతకంతో మన పిల్లలకు సూది గుచ్చబోతే మళ్ళీ అడ్డుపడతాం. కాని ఆనాటి సభల్లో మేము చెప్పింది సగం మాటే. అడగకుండా వేయడం తప్పు, చెప్పకుండా వేయడం తప్పు, వేసి వదిలేయడం తప్పు అన్నాం. ఆ టీకాయే విషమని మేము అనలేదు. అట్లా అర్థం చేసుకుంటున్నారని తెలిసి కూడా దిద్దలేదు. చప్పట్లు వచ్చాయి, జెండాలు ఎగిరాయి, వేరే పోరాటాల్లో పడిపోయాం. ఆ తర్వాతి సంవత్సరాల్లో ప్రపంచమంతటా కోట్లమంది ఆడపిల్లలకు ఆ టీకా వేసి చూసిన అనుభవం వచ్చింది. అది ఆ క్యాన్సర్‌ను అడ్డుకుంటున్నదని రుజువైంది. ఆ సంగతి చెప్పడానికి ఈ వూళ్ళకు మేము తిరిగి రాలేదు.

గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ ఎవరి రోగమో మన మహిళా కార్యకర్తలను అడగండి. 2020 అంచనాల ప్రకారం ఆ ఒక్క ఏడాదిలోనే మన దేశంలో లక్షా 23 వేల మందికి పైగా స్త్రీలకు ఈ రోగం వచ్చింది; 77 వేల మంది చనిపోయారు. ఏడాదికోసారి పరీక్ష చేయించుకోగలిగే ఇంటి ఆడవాళ్ళకు ఇది ముందే దొరుకుతుంది. నాట్లకూ, మిరప కోతకూ పోయే ఆడవాళ్ళకు తెల్లబట్ట, రక్తం కనిపిస్తున్నా చెప్పుకోవడానికి సిగ్గు, చూపించుకోవడానికి తీరిక లేదు. తీరా దవాఖానాకు పోయేసరికి చేయి దాటిపోతుంది. 2022లో మన దేశంలో తయారైన ఈ క్యాన్సర్ టీకాకు అనుమతి వచ్చింది. 2024 ఫిబ్రవరి బడ్జెట్ ప్రసంగంలో 9 నుంచి 14 ఏళ్ళ ఆడపిల్లలకు దీన్ని ప్రోత్సహిస్తామని కేంద్రం చెప్పింది. అంటే 2009లో ఎవరి పిల్లలనైతే అడగకుండా వరుసలో నిలబెట్టారో, ఆ తల్లుల దగ్గరకే ఈ టీకా మళ్ళీ వస్తుంది. వాళ్ళు తలుపులు వేసుకుంటే ఆ తలుపు గడియ ఎవరు బిగించారు? అధికారులు బిగించారు, కంపెనీలు బిగించాయి. చివరి మర మేమూ తిప్పాం.

అనుమానానికి అసలు చరిత్ర

ప్రజలకు ఈ దేశంలో సూది అంటే భయం ఊరికే రాలేదు. 1976-77లో, అత్యవసర పరిస్థితి రోజుల్లో, ఒక్క ఏడాదిలో 80 లక్షలకు పైగా కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు చేశారు. వాటిలో ఎన్నిటిని కోటాల కోసం, బెదిరించి చేశారో పాతతరం వాళ్ళు మరచిపోలేదు. తర్వాత చాలా ఏళ్ళకు పోలియో చుక్కలు తెస్తే, "ఇవి మా పిల్లలకు పిల్లలు పుట్టకుండా చేసే మందులు" అని ఉత్తరప్రదేశ్ పల్లెల్లో పుకారు లేచిందంటే ఆ విత్తనం ఎప్పటిదో తెలుస్తూనే వుంది. పిచ్చికుక్క కరిస్తే బొడ్డు చుట్టూ 14 ఇంజెక్షన్లు పొడిపించుకున్నవాళ్ళు మన వూళ్ళలో ఇంకా వున్నారు. గొర్రె మెదడు నుంచి తీసిన ఆ పాత మందును 2004 డిసెంబరులోనే ఆపేశారు. ఇప్పుడు చేతి రెట్టకు వేసే నాలుగైదు సూదులతో సరిపోతుంది. అయినా ఆ బొడ్డు సూదుల కథ విని దవాఖానాకు పోకుండా ఆకుపసరు తాగేవాళ్ళు ఇప్పటికీ కనబడుతున్నారు. పిచ్చి లక్షణాలు ఒకసారి పైకి వస్తే ఇక ఆ మనిషి దక్కడు. ఇంత కచ్చితంగా చంపే రోగం మరొకటి లేదు.

2021 సంగతి అందరికీ తెలిసిందే. కరోనా టీకా జనవరి 16న మొదలైంది. మే నెలలో 18 ఏళ్ళు దాటినవారికి ఫోనులో పేరు నమోదు చేసుకుంటేనే అన్నారు. ఆ నమోదు మొదట్లో ఇంగ్లీషులోనే వుంది. రాష్ట్రాలకు ఒక ధర, ప్రైవేటు ఆసుపత్రులకు ఒక ధర పెట్టి కంపెనీలు అమ్ముకున్నాయి. ఎక్కడెక్కడివారో ఆందోళన చేసి, సుప్రీంకోర్టు ప్రశ్నించిన తర్వాత గాని జూన్ 21 నుంచి అందరికీ ఉచితం కాలేదు. ఈలోపు టీకా కావాలన్న పేదవాడికి దొరకలేదు. వద్దన్నవాడి వెంట మాత్రం అధికారులు పడ్డారు. ఆ మే నెలలోనే ఉత్తరప్రదేశ్‌లోని బారాబంకి జిల్లాలో టీకా బృందాన్ని చూసి జనం సరయూ నదిలో దూకారు. టీకా వేయించుకోకుంటే రేషన్ ఆగిపోతుందని, పింఛను ఆగిపోతుందని మన వూళ్ళలోనూ బెదిరింపులు వినిపించాయి. ఎవరి ఒంటిమీదా బలవంతంగా టీకా వేయరాదని సుప్రీంకోర్టు 2022 మే 2న చెప్పింది. బియ్యం ఆపుతామని బెదిరించి వేసిన సూది ఒక్కరిని కాపాడితే, పదిమందికి కొత్త భయం పుట్టిస్తుంది.

ఇంత చెప్పిన తర్వాత ఇంకొక మాట కూడా చెప్పాలి. అనుమానానికి కారణాలున్నంత మాత్రాన ప్రతి పుకారూ నిజమైపోదు.

ఈ వూళ్ళోనే ఎరువుల దుకాణం ముందు ఒక పెద్దమనిషి, ఎకరాలు బాగానే వున్నవాడు, ఫోను చూపించి కూలివాళ్ళకు చెబుతున్నాడు: "కరోనా సూది వేయించుకున్నోళ్ళే గుండె ఆగి పోతున్నరు, చూసిండ్రా?" ఆయన మనుమలకు మాత్రం ఖమ్మంలో ప్రైవేటు డాక్టరు దగ్గర ఒక్క టీకా తప్పకుండా వేయించాడు. ఆ ముక్క దుకాణం ముందు చెప్పడు. 18 నుంచి 45 ఏళ్ళ వయసులో హఠాత్తుగా చనిపోయినవారి విషయం వైద్య పరిశోధన మండలి దేశంలోని 47 ఆసుపత్రుల ద్వారా పరిశీలించి 2023లో ప్రచురించింది. టీకా వల్ల అట్లాంటి మరణాలు పెరగలేదని తేలింది. రెండు డోసులు వేయించుకున్నవారిలో ప్రమాదం తగ్గింది కూడా. కరోనాతో ఆసుపత్రి పాలైనవారికి, అతిగా తాగేవారికి ప్రమాదం ఎక్కువని కనబడింది. మరి ఏ టీకాకూ ఏ కీడూ లేదా? వున్నది. ఒక రకం కరోనా టీకాతో చాలా అరుదుగా రక్తం గడ్డకట్టే జబ్బు రావచ్చని దాన్ని రూపొందించిన కంపెనీయే లండన్ కోర్టులో ఒప్పుకున్న సంగతి 2024లో పత్రికల్లో వచ్చింది. దాన్ని దాచడం మా పద్ధతి కాదు. అరుదుగా జరిగే కీడును దాచకుండా చెప్పి, జరిగినవారికి వైద్యం, పరిహారం ఇవ్వాలని అడుగుతాం.

గుండె ఆగిపోయే పుకారు ఎవరికి లాభమో కూడా చూడాలి. మే నెల ఎండలో ఉపాధి పని దగ్గర కూలిమనిషి కుప్పకూలితే "సూది పని చేసింది" అని అందరూ అనుకుంటే, అక్కడ పందిరి వేయనివాడు, తాగునీళ్ళు పెట్టనివాడు హాయిగా ఊపిరి పీల్చుకుంటాడు. పురుగుమందు కొట్టి కొట్టి ఊపిరాడక పడిపోయినవాడి విషయంలోనూ అంతే. పుకారు నేరస్తుణ్ణి తప్పిస్తుంది.

టీకా కంపెనీల సొత్తు కాదు

టీకా అంటే కంపెనీల సరుకు అనుకునే కార్యకర్తలు మనలోనూ వున్నారు. అది పొరపాటు. మశూచిని ప్రపంచం నుంచి తరిమేయాలని 1958లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ముందు ప్రతిపాదన పెట్టింది సోవియట్ యూనియన్. పెట్టి ఊరుకోలేదు, కోట్ల డోసులు ఉచితంగా ఇచ్చింది, వాటిలో పెద్ద భాగం మన దేశానికే వచ్చింది. ఇప్పుడు అరవై, డెబ్బై దాటినవారి చేతి రెట్ట మీద రూపాయి బిళ్ళంత మచ్చ వుంటుంది, చూడండి. 1974లో బీహారులో ఆ రోగం వేలమందిని పొట్టన పెట్టుకుంది. మన దేశంలో చివరి రోగి 1975 మేలో కనబడ్డారు. 1980లో ప్రపంచంలోనే మశూచి లేదని ప్రకటించారు. పోలియో చివరి కేసు 2011 జనవరిలో హౌరాలో వచ్చింది, ఆ తర్వాత లేదు. పశువులను మందలకు మందలుగా తుడిచిపెట్టిన రిండర్‌పెస్ట్ కూడా 2011లో భూమి మీద నుంచి పోయింది. మన గొర్రెలకు వేసే టీకాలు హైదరాబాదు శాంతినగర్‌లోని ప్రభుత్వ సంస్థలో తయారవుతాయి. పిల్లల టీకాలు తయారుచేసే ప్రభుత్వ సంస్థలు కసౌలీ, కూనూరు, గిండీలలో వుంటే, 2008 జనవరిలో వాటి లైసెన్సులు ఆపేసి ప్రైవేటు కంపెనీలకు దారి తెరిచారు. ఆందోళన చేస్తే 2010లో మళ్ళీ ఇచ్చారు. మన పోట్లాట అక్కడ వుండాలి. అంగన్‌వాడీ గడప దగ్గర, నెలకు ఎంత వస్తుందో ఎప్పుడు వస్తుందో తెలియని పారితోషికానికి పనిచేసే ఆశా కార్యకర్తతో పోట్లాడితే కంపెనీకి పోయేదేమీ లేదు.

మాఘంలో వచ్చిన తట్టు

ఆ బుధవారం 11 మంది పిల్లలు టీకా లేకుండా మిగిలారు. మేము మళ్ళీ వస్తామని చెప్పి వచ్చేశాం, కాని వెంటనే పోలేదు. పత్తి పనులు, ధాన్యం కొనుగోళ్ళ గొడవ, ఏవేవో అడ్డం వచ్చాయి. మాఘమాసంలో ఒక పెళ్ళికి ఏటవతలి నుంచి చుట్టాలు వచ్చారు. వాళ్ళ పిల్లవాడికి జ్వరం, కళ్ళు ఎర్రబడి వున్నాయి. పెళ్ళి హడావుడిలో ఎవరూ పట్టించుకోలేదు. పది పన్నెండు రోజులకు ఊళ్ళో పిల్లలకు తట్టు లేచింది.

తట్టు గాలి ద్వారా అంటుకుంటుంది. ఆ బిడ్డ దగ్గి వెళ్ళిపోయిన గదిలో రెండు గంటల దాకా ఆ పురుగు నిలిచి వుంటుంది. రక్షణ లేని గుంపులో ఒకరి నుంచి 12 మొదలు 18 మందికి అంటుకోగలదు. నూటికి 95 మందికి టీకా పడితే గాని అది ఆగదు. మిగతా రోగాలకు వున్న వెసులుబాటు దీనికి లేదు. మొదటి సూది తొమ్మిది నెలలు నిండాక, రెండోది 16 నుంచి 24 నెలల లోపు పడాలి. పాలు, గుడ్లు సరిగా లేని బిడ్డకు తట్టు వస్తే ఊపిరితిత్తులకు నిమ్ము చేస్తుంది, కళ్ళు దెబ్బతింటాయి. తగ్గిన తర్వాత కూడా కొన్ని నెలలు, ఒక్కోసారి ఏళ్ళు, ఒంటి సత్తువ పోయి వేరే జబ్బులకు దొరికిపోతారు.

ఊరివాళ్ళు అమ్మవారు పోసిందన్నారు. గడపకు వేపమండలు కట్టారు, తాలింపు మానేశారు. మేము వాళ్ళ నమ్మకాన్ని ఎగతాళి చేయం. వేపమండ కట్టిన ఇంట్లోకి ఇతరులు రాకూడదన్నది మంచి కట్టుబాటే. కాని మండలు కట్టేవేళకే అది పది ఇళ్ళకు పోయి వుంటుంది. పైగా, మందు తాగితే తల్లి ఆగ్రహిస్తుందని దవాఖానాకు పోకపోవడం దగ్గర ప్రాణం మీదికి వస్తుంది.

11 మందిలో ఏడుగురికి వచ్చింది. అయిదుగురికి దానంతట అది తగ్గింది. ఇద్దరికి నిమ్ము చేసింది. వాళ్ళలో ఒకరు ఆ పెద్దాయన మనుమరాలు. మూడో రోజు రాత్రి పక్కటెముకలు లోపలికి లాక్కుపోతూ ఊపిరి తీస్తుంటే ఆటోలో పట్నం తీసుకుపోయారు. ప్రైవేటు ఆసుపత్రిలో తొమ్మిది రోజులు. నూటికి మూడు రూపాయల వడ్డీకి 20 వేలు తెచ్చారు. చాలకపోతే ఆరు గొర్రెలను అమ్మారు. చిటుకు రోగం నుంచి సూది వేయించి కాపాడుకున్న గొర్రెలవి. పిల్ల బతికింది. ఒక కంటి మీద పొర వచ్చింది. అది ఎంతవరకు తగ్గుతుందో చూడాలన్నారు.

మమ్మల్ని నిలదీసిన ఆ ఇల్లాలి కొడుక్కి కూడా తట్టు వచ్చింది, తగ్గింది. ఆమె దగ్గరకు వెళ్ళడానికి మాకు మొహం చెల్లలేదు. అయినా వెళ్ళాం. ఈసారి నచ్చజెప్పలేదు. 2009లో జరిగినదాని గురించి ఆమె చెప్పింది నిజమేనని, పార్లమెంటు సంఘం కూడా అదే చెప్పిందని, ఆ తర్వాత మేము రాకపోవడం మా తప్పని చెప్పాం. ఇప్పుడు వేసే సూది పేరేమిటి, ఎందుకు, జ్వరం వస్తే ఏం చేయాలి, ఎవరిని పిలవాలి, ఇవన్నీ నర్సమ్మ చేత తెలుగులో చెప్పించాం. వద్దంటే వద్దనే హక్కు ఆమెకు వున్నదని కూడా నర్సమ్మ చేతనే చెప్పించాం. ఆమె చాలాసేపు ఏమీ అనలేదు. "ఇట్ల అప్పుడు చెప్పుంటే అయిపోయేది గదా," అన్నది.

గ్రామస్తులతో కలిసి మండల ఆరోగ్య కేంద్రానికి పోయి అడిగింది ఒక్కటే: టీకాల పెట్టె పగలు కాదు, పొద్దుగూకినాక రావాలి. మొదట కుదరదన్నారు, మంచు కరిగిపోతుందన్నారు, వాహనం లేదన్నారు. మంచు సంగతి మేము చూసుకుంటామని, వాహనానికి ఊరి ఆటో పెడతామని చెప్పి రెండు గంటలు అక్కడే కూర్చుంటే ఒప్పుకున్నారు. ఉపాధి హామీ పనికి పోయే తల్లికి బిడ్డ టీకా మర్నాడు కూలి ఇవ్వాలని కూడా అర్జీ పెట్టాం. దాని మీద ఇంతవరకు జవాబు లేదు.

ఆ రాత్రి ఏడున్నరకు అంగన్‌వాడీ ముందు బల్బు వేలాడదీశారు. ఎనిమిదిన్నర దాకా తొమ్మిది మంది పిల్లలకు బాకీ వున్న సూదులు పడ్డాయి. తట్టు వచ్చి తగ్గిన పిల్లలకు కూడా షెడ్యూలు ప్రకారం వేయాల్సిందేనని నర్సమ్మ చెప్పింది. పెద్దాయన మనుమరాలిని ఎత్తుకుని తనే వచ్చాడు, సూది గుచ్చేటప్పుడు మాత్రం మొహం అటు తిప్పుకున్నాడు. ఆ ఇల్లాలు అందరికంటే చివర వచ్చింది. కాగితం అడిగి తీసుకుని, చదివి, మడిచి, జాకెట్‌లో పెట్టుకుని అప్పుడు కొడుకు చేయి చూపించింది. ఆశా కార్యకర్తను తిట్టిన మా సంఘం సభ్యుడు తలుపు తీయలేదు. మరో ఇల్లు కూడా తీయలేదు. మేము ఆ గడపల దగ్గర నిలబడి పిలిచి పిలిచి వచ్చేశాం.

నర్సమ్మ పట్టీ ముందేసుకుని రెండో సూది నెల లెక్క వేస్తే, నలుగురు పిల్లలకు అది సరిగ్గా మిరప కోతల రోజుల్లో పడింది. అప్పటికి వాళ్ళ తల్లులు ఊళ్ళో వుండరు. ఏ వూరికి, ఏ మేస్త్రి కింద పోతారో అడిగి, ఆ వూళ్ళ పేర్లు ఆ పిల్లల కార్డుల వెనక రాసి ఇచ్చాం.